ఒక్క పొంగు

అంతరిక్ష నౌకల విభాగం నుంచి ఫోను వచ్చినప్పుడు నాగవేణి టమోటా నారుకు నీళ్ళు పడుతోంది. ఆ రోజు ఆదివారం. కొండ మీది పరిశోధనశాలకు వెళ్ళే పని లేక, నర్సరీలో భర్త సోమశేఖర్‌కు సాయంగా ఉంది. ఫోను చేసింది విభాగం అధిపతి దివాకర్.

"ముందుగానే చెబుతున్నా మేడమ్, మీ మరిది క్షేమంగా ఉన్నాడు," అన్నాడాయన. "కాకపోతే నౌకకు చెత్త ముక్క ఒకటి తగిలింది. ఇంధనమంతా కారిపోయింది."

నాగవేణి పైపు కాళ్ళ దగ్గరే వదిలేసింది.

"లోపల గాలి ఎన్నాళ్ళకుంది?"

"వారం పైనే వస్తుంది. భయం లేదు. ఇప్పుడున్న ఎత్తులో పైగాలి రాపిడికే నౌక వేగం తగ్గి, ఆ లోపే దానంతట అది దిగిపోతుంది. పైగాలి పట్టికలు చూశాం."

"ఏ పట్టికలు?"

"అందరూ వాడేవే మేడమ్."

ఆ పట్టికలు పాతబడిపోయాయని ఏళ్ళ తరబడి సభల్లో చెబుతూ వచ్చింది నాగవేణే. భూమికి దగ్గరగా ఉన్నప్పుడు దుప్పటి కప్పినట్టు వేడిని పట్టి ఉంచే బొగ్గుపులుసు వాయువు, ఎంతో ఎత్తున పల్చటి గాలిలో కలిస్తే ఉన్న వేడిని కాస్తా అంతరిక్షంలోకి వెళ్ళగొడుతుంది. అందుకే కింద ఊళ్ళు మాడుతుంటే పైన గాలి చల్లబడుతూ, ఏటికేడు ముడుచుకుపోతోంది. ఒకప్పుడు ఆ గాలి రాపిడికి వేగం తగ్గి, కిందికి జారి కాలిపోయే పాత ఉపగ్రహాల ముక్కలు ఇప్పుడు పడటం మానేశాయి. వాటిని ఏరడానికి మనుషుల్ని పంపాల్సి వచ్చింది. ఆ పనికి వెళ్ళిన నౌక పేరు జల్లెడ. దాన్ని నడిపేది చెంగల్రాయుడు.

ఇంట్లో అందరికీ రాయుడు. నాగవేణి కాపురానికి వచ్చేనాటికి వాడు అయిదో తరగతి. అత్తగారు అప్పటికే లేదు. తల దువ్విందీ, లెక్కలు నేర్పిందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ వదినే. పైకి వెళ్తానని వాడు అన్నప్పుడు అన్న కోప్పడ్డాడు కానీ, ఆమె సరేనంది.

తడిసిన చీరతోనే జీపెక్కి ఆమె కొండకు వెళ్ళింది. మదనపల్లె దాటాక గుట్టల మధ్య ఉంది ఆ పరిశోధనశాల. ఆ రోజు గాలి ఎంత పల్చగా ఉందో తన కొలతలతో చూసుకుని మళ్ళీ లెక్క కట్టింది. సూర్యుడు కూడా ఉడుకు తగ్గి మందకొడిగా ఉన్న కాలమది. రాయుడు దిగడానికి రెండు వారాలు పైగా పడుతుంది. లోపలి గాలి అందులో సగం రోజులకే వస్తుంది. సాయానికి ఇంకో నౌకను పంపాలంటే నెల దాటుతుంది.

దివాకర్ ఫోనులో ఆ లెక్క విన్నాడు.

"మీ పొయ్యి ఉంది కదా మేడమ్," అన్నాడు.

* * *

పొయ్యి అన్నది కొండ మీద పనిచేసేవాళ్ళు పెట్టుకున్న పేరు. లోయ నిండా వరసగా నాటిన ఇనుప స్తంభాలు అవి. వాటి గుండా రేడియో తరంగాలను ఒక్కచోటికి గురిపెట్టి పంపితే, పైగాలి వేడెక్కి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు మెల్లగా భూమి చుట్టూ పాకుతుంది. ముడుచుకుపోయిన గాలిని మళ్ళీ పైకి లేపవచ్చని నాగవేణి కన్న కల అది. చిన్న మంట మీద రెండుసార్లు పరీక్షించి, రెండోసారి తర్వాత తనే ఆపేయించింది.

ఎందుకు ఆపిందో ఆ మధ్యాహ్నం వంటింట్లో భర్తకు చెప్పాల్సి వచ్చింది. సోమశేఖర్ అన్నం ముందు కూర్చున్నాడు కానీ ముద్ద కలపలేదు.

"నీ దగ్గర ఉండాది కదా మందు. ఇంకా ఆలోచన దేనికి?" అన్నాడు.

"పాలు పొంగితే ఏమైతాది?"

"పొయ్యి పాలవుతాది. ఇప్పుడా కత ఎందుకు నాగా?"

"పొంగి దిగినాక గిన్నెలో చూడు, మొదలున్నన్ని ఉండవు. అక్కడా అంతే. మనం వేడి పెడితే గాలి ఒక రోజు ఉబ్బుతాది. ఆ వేడికే అక్కడ ఇంకొక వాయువు పుడతాది. అది ఉన్న వేడినంతా తోడి బయటికి పోస్తాది. తర్వాత గాలి ముందుకన్నా లోతుగా కుంగిపోతాది. చిన్న మంటకే కోలుకోడానికి నెలలు పట్టింది. రాయుణ్ణి దించాలంటే పూర్తి మంట పెట్టల్ల. అప్పుడు కుంగింది ఏండ్లకు గానీ లేవదు."

"లేవకపోతే?"

"చెత్త అక్కడే నిలిచిపోతాది. ఇంకా పెరుగుతాది. మళ్ళా ఇట్లాగే ఎవరైనా చిక్కుకుంటే, వాళ్ళకు ఈ పొయ్యి పనికిరాదు."

సోమశేఖర్ కంచం పక్కకు నెట్టాడు. "ఆ ఎవరో ఇంకా పుట్టినారో లేదో నాకు తెల్దు. వాడు నా తమ్ముడు."

వాడు తనకేమవుతాడో ఆయన అడగలేదు, ఆమె చెప్పలేదు.

* * *

కొండ మీదుగా నౌక వెళ్ళే కొద్ది నిమిషాలే రాయుడితో నేరుగా మాట్లాడటానికి వీలు. ఇంజనీరు ఇస్మాయిల్ తలకు తగిలించుకునే ఫోను ఇచ్చి, తను పక్కకు జరిగాడు.

"రాయుడూ."

"వదినా! అన్న ఎట్లుండాడు?"

"బాగుండాడు. తింటాండావా?"

"తింటాండా. ఆకలే లేదు." వాడి గొంతు మామూలుగానే ఉంది. కానీ మాటకూ మాటకూ మధ్య ఊపిరి వినబడుతోంది. "దివాకర్ సారు పొయ్యి వెలిగిస్తామంటాండాడు. నీదే ఆలస్యమంట. నిజమేనా?"

"నిజమే. నీకొక మాట చెప్పల్ల. విను." ఆమె భర్తకు చెప్పిందంతా వాడికీ చెప్పింది, ఏదీ తగ్గించకుండా. చివర, "రేపు పొద్దున నీ మాదిరి ఇంకొకరు అక్కడ చిక్కుకుంటే, వాళ్ళను దించేదానికి ఏమీ మిగలదు," అంది.

నౌక తూర్పుకు జారిపోతోంది. గరగరమని శబ్దం మొదలైంది. తెగిపోయిందేమోనని ఇస్మాయిల్ మీటలు చూశాడు.

"వదినా," అన్నాడు రాయుడు. "నాకు భయంగా ఉండాది. ఈ గోడలు చూసి చూసి... తలుపు తీసుకుని బయటికి దూకుదామనిపిస్తాది. వెలిగించు వదినా."

శబ్దం ఆగిపోయింది. నాగవేణి ఫోను తీసి బల్ల మీద పెట్టింది.

"ఇస్మాయిల్, కరెంటు వాళ్ళకు చెప్పు," అంది.

పూర్తి మంటకు దక్షిణాదిలో సగం ఊళ్ళ కరెంటు కావాలి. రేడియోలో చెప్పారు. ఒక మనిషిని దించడానికి ఒక పూటంతా కరెంటు లేకుండా, ఉక్కలో ఉండాలని. ఎవరూ కాదనలేదు. మదనపల్లె మార్కెట్లో టమోటా పెట్టెలు ఎండలోనే ఉండిపోయాయి. ఆసుపత్రులు తప్ప అన్నీ ఆగాయి. జనం ఇళ్ళ ముందు నిలబడి, పట్టపగలు కనబడని నౌక కోసం ఆకాశంలోకి చూశారు.

పొయ్యి వెలిగింది. స్తంభాల మధ్య సన్నగా జుమ్మనే శబ్దం తప్ప చూడటానికేమీ లేదు. పైన మాత్రం గాలి లేచింది. ప్రతి చుట్టుకూ రాయుడి నౌక ఇంకాస్త కిందికి జారింది. మర్నాడు సాయంత్రానికి అది సుమత్రాకు పడమట సముద్రంలో పడింది. ఒక సరుకుల ఓడ వాళ్ళు వాణ్ణి బయటికి లాగారు. ఒక భుజం విరిగింది. వెలుతురు చూసి వాడు పిల్లాడిలా ఏడ్చాడని ఆ ఓడ కెప్టెన్ చెప్పాడు.

ఇంట్లో సోమశేఖర్ ఆ రాత్రి భార్య చేతులు పట్టుకుని వదల్లేదు. ఊరు ఊరంతా వచ్చి దండలు వేసింది. నాగవేణి దండలు వేయించుకుంది, అందరికీ కాఫీలు ఇచ్చింది. మరుసటి పొద్దున కొండెక్కి కొలతలు చూసింది. గాలి కుంగడం మొదలైంది. అది ఆమె లెక్క వేసిన చోట ఆగలేదు.

* * *

రాయుణ్ణి మళ్ళీ పైకి వెళ్ళనివ్వలేదు డాక్టర్లు. కొత్తవాళ్ళకు పని నేర్పడానికి వాడు కొండ మీదే ఉద్యోగంలో చేరాడు. లిఫ్టు ఎక్కడు. ఇంట్లో పడుకునే గది తలుపు ఎప్పుడూ తెరిచే ఉండాలి. పెళ్ళి మాట ఎత్తితే, "కొన్నాళ్ళు పోనీ అన్నా," అంటాడు.

నౌకలు పంపడం ఆపమని నాగవేణి దివాకర్‌కు మళ్ళీ మళ్ళీ చెప్పింది. ఆయన ఒకసారి విసుగ్గా కాదు, అలసటగా అన్నాడు: "ఆపితే ఏమవుతుందో కూడా మీకే తెలుసు మేడమ్. చెత్త ఇంకా గుట్టపడుతుంది. తుపాను చెప్పే ఉపగ్రహాలు ఒక్కొక్కటే పగిలిపోతాయి. తీరంలో ఎంతమంది పోతారు? పంపితే ఒకరికి ప్రమాదం. పంపకపోతే ఊళ్ళకు. మీరైతే ఏం చేస్తారు?"

రెండేళ్ళకు ఇంకో నౌక సిద్ధమైంది. ఈసారి నౌకకు రెండు ఇంజన్లు పెట్టారు.

దాన్ని నడపడానికి ఎంపికైన అమ్మాయి పేరు పైడితల్లి. పార్వతీపురం దగ్గరి పిల్ల. రాయుడి దగ్గర నేర్చుకున్న వాళ్ళలో చురుకైనది. శిక్షణలో వాడు ఎంత కఠినంగా ఉంటే ఆమె అంత నవ్వేది. "మీకు బయమెక్కువ సార్. నాకు తక్కువ. సగం సగం పంచుకుందుము," అనేది.

ఆమె వెళ్ళిన మూడో వారంలో ఒక చెత్త ముక్క రెండు ఇంజన్లకూ ఇంధనం పంపే గొట్టాన్ని తెంపేసింది.

* * *

కబురు తెలిసిన మర్నాడే పైడితల్లి తండ్రి సన్యాసినాయుడు కొండకు వచ్చాడు. ముప్పయ్యేళ్ళు బస్సు నడిపి రిటైరైన మనిషి. చంకలో చిన్న సంచీ, ముఖం మీద రెండు రోజుల గడ్డం. ఎదురొచ్చిన నాగవేణికి వంగి దండం పెట్టబోతే ఆమె ఆపింది.

"అమ్మా, తమరేనా ఆ పొయ్యి అమ్మగోరు?" అన్నాడు. "టీవీలో సూసినాను. తమరు మీ మరిదిగోరిని దించినారు. ఆ పాలి మా ఊర్లో కూడా కరెంటు ఒగ్గీసినాం. మా గుంట పైడితల్లి అప్పుడు ఇంటికాడే ఉంది. ఇసనకర్ర ఇసురుకుంటా ఆకాశం ఏపే సూసింది. మా గుంటని కూడా దించీయండమ్మా."

రాయుడు అక్కడే, తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

నాగవేణి పెద్దాయన్ను కూర్చోబెట్టి నీళ్ళిచ్చింది. "కరెంటు అడిగాం. రేపు వెలిగిస్తాం," అంది. "కానీ నాయుడుగారూ, మీకు అబద్ధం చెప్పను. అది పనిచేస్తుందన్న నమ్మకం నాకు లేదు."

"అదేటి? అప్పుడు పనిచేసింది కదా?"

"పనిచేసింది. అందుకే ఇప్పుడు చేయదు. అప్పుడు పొంగించాక ఆ గాలి బాగా కుంగిపోయింది. వేడి పెట్టినా నిలబెట్టుకునే గాలి అక్కడ మిగల్లేదు."

సన్యాసినాయుడు గ్లాసు పట్టుకుని మెల్లగా అడిగాడు. "అంటే... ఈ బాబుని దించకపోయుంటే, మా గుంటని దించగలిగుందురా?"

రాయుడు వదిన ముఖంలోకే చూస్తున్నాడు. 'లేదు' అని ఒక్క మాట అంటే సరిపోతుంది. వాడికీ, పెద్దాయనకూ సరిపోతుంది.

"దించగలిగేవాళ్ళం," అంది నాగవేణి.

పెద్దాయన గ్లాసు కింద పెట్టి బయటికి వెళ్ళిపోయాడు. ఆ రోజంతా స్తంభాల కంచె పక్కన రాతి మీదే కూర్చున్నాడు. సోమశేఖర్ అన్నం తీసుకెళ్తే తిన్నాడు. రాయుడు దగ్గరికి వెళ్తే మాత్రం ముఖం తిప్పుకున్నాడు.

మర్నాడు పొయ్యి వెలిగించారు. మళ్ళీ ఊళ్ళన్నీ కరెంటు ఇచ్చాయి. మళ్ళీ జనం ఇళ్ళ ముందుకు వచ్చారు. ఇస్మాయిల్ మంటను చివరి దాకా పెంచాడు. స్తంభాలు కాలిన వాసన వచ్చేదాకా పెంచాడు. పైన గాలి కొంచెం కదిలి, ఊపిరి అందనట్టు మళ్ళీ కూలబడింది. నౌక ఎత్తు చూపించే గీత వంగలేదు.

"చాలు ఇస్మాయిల్," అంది నాగవేణి. "ఆపేయ్."

"ఇంకొక్క గంట చూద్దాం మేడమ్."

"ఇంకా పెడితే మరింత కుంగుతుంది. ఆపు."

* * *

పైడితల్లికి సంగతి చెప్పింది రాయుడే. ఎవరినీ చెప్పనివ్వలేదు. చెప్పి, ఫోను తీసేయకుండా అట్లాగే కూర్చున్నాడు.

"తెలుస్తానే ఉంది సార్," అంది పైడితల్లి. "పొద్దున్నించీ నౌక ఊగనైనా ఊగలేదు. మీరు దిగినప్పుడు గడగడలాడిందన్నారు కదా."

"నువ్వు ఇప్పుడు గోడలకేసి చూడొద్దు," అన్నాడు రాయుడు. "చూసే కొద్దీ దగ్గరికి వస్తాయి. కిటికీ కాడికి పో. కిందికి చూడు. ఏమి కనబడతాండాది?"

"నీలం. మబ్బులు. మన తీరం వస్తంది."

"ఊపిరి మెల్లగా తీయి. లెక్కపెట్టొద్దు. తీరం గురించి చెప్పు."

వెనక అడుగుల చప్పుడైంది. సన్యాసినాయుడు లోపలికి వచ్చి, రాయుడి కుర్చీ వెనక నిలబడ్డాడు. కూతురి గొంతు గదంతా వినిపిస్తోంది. కాసేపు విన్నాడు. తర్వాత రాయుడి విరిగి అతికిన భుజం మీద చెయ్యి వేశాడు, బస్సులో ఆసరా కోసం పక్క సీటు పట్టుకున్నట్టు.

"నాను మాటాడొచ్చా బాబూ?"

రాయుడు లేచి కుర్చీ ఇచ్చాడు. ఫోను తనే ఆయన తలకు తగిలించాడు.

"అమ్మీ, నాను."

"నాన్నా! కొండకొచ్చీసినావేటి? అమ్మనొగ్గీసి?"

"మీ పెద్దమ్మ ఉంది. నువ్వేటి సేస్తన్నావు?"

"కిటికీలోంచి సూస్తన్నాను నాన్నా. ఇక్కడ్నించి మన ఊరు కనబడదు. నాగావళి మాత్రం తెల్లగా, సన్నగా కనబడతంది."

"ఏరు నిండా నీల్లున్నాయి ఈపాలి. సివరి బస్సు వంతెన మీంచి రాలేదు, సుట్టూ తిరిగొచ్చింది. నానైతే వంతెన మీంచే తెచ్చుదును."

పైడితల్లి నవ్వింది. నౌక సముద్రం మీదికి వెళ్ళిపోయి గొంతు తెగిపోయేదాకా ఇద్దరూ ఆ వంతెన గురించే మాట్లాడుకున్నారు.

నౌక కొండ మీదుగా వచ్చినప్పుడల్లా ఆయన మాట్లాడాడు. మధ్యలో ఊరికి ఫోను కలిపి తల్లితోనూ మాట్లాడించారు. ఆయన అలిసిపోతే రాయుడు మాట్లాడాడు. ఇద్దరూ ఒకే బల్ల మీద తిన్నారు, ఒకే గదిలో పడుకున్నారు. తెరిచి ఉన్న తలుపు వైపు చూసి పెద్దాయన ఏమీ అడగలేదు. చివరి రోజుల్లో పైడితల్లి మాటలు ముద్దగా వచ్చేవి. చిన్నప్పటి సంగతులు ఒకదానితో ఒకటి కలిపేసేది. ఒక పొద్దున రాయుడు పిలిస్తే పలకలేదు. తండ్రి పిలిచినా పలకలేదు. ఆ తర్వాతి చుట్టులోనూ పిలిచారు.

* * *

సన్యాసినాయుడు సంచీ సర్దుకుని నాగవేణి దగ్గరికి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. సోమశేఖర్ ఇచ్చిన ఉతికిన చొక్కా తొడుక్కున్నాడు.

"ఎల్లొస్తానమ్మా. ఇంటికాడ దినం సెయ్యాలి. దినం సేయించే అయ్యగోరు అడుగుతారు, శవమెప్పుడొస్తాదని. ఏటి సెప్పమంటారు?"

నాగవేణి తల దించుకుంది. పైడితల్లి నౌక అప్పటి రాయుడి నౌక కన్నా ఎంతో మెల్లగా దిగుతోంది. ఆ కుంగిన గాలిలో అది అసలు దిగుతోందని అనడానికే లేదు.

"ఇప్పట్లో రాదు నాయుడుగారూ. గాలి అంత పల్చగా ఉంది."

"ఎప్పుడికీ రాదా?"

"సూర్యుడు పదేళ్ళకో పన్నెండేళ్ళకో ఒకసారి బాగా రేగుతాడు. అప్పుడు పైగాలి దానంతట అదే ఉబ్బుతుంది, మన చెయ్యి పడకుండా. ఈసారి ఉబ్బు చాలకపోవచ్చు. ఆపైసారికైనా దిగుతుందనుకుంటున్నా. దిగేటప్పుడు... కాలిపోతుంది. నడిపే మనిషి లేకపోతే నౌక వేడి తట్టుకునే వైపు కిందికి తిరిగి నిలవదు."

ఆయన అర్థం చేసుకున్నాడు. కాలిపోవడమన్న మాటకు ఆయన ముఖంలో బాధ కన్నా ఏదో తేలిక కనబడింది. వేళ్ళు మడిచి తన వయసుకు కొన్నేళ్ళు కలుపుకున్నాడు. మళ్ళీ కలుపుకున్నాడు.

"ఆకాశంలోనే దహనం అన్నమాట," అన్నాడు. "తండ్రిని, దగ్గరుండాల కదా. అయితే అందాకా నాను బతకాల."

రాయుడు సంచీ అందుకున్నాడు. పెద్దాయన వద్దనలేదు. ఇద్దరూ కొండ దిగి, మదనపల్లె బస్సు ఆగే చోటికి నడిచారు.